కలం, కాగితం, అచ్చు

మచిలీపట్నాన్ని మన పెద్దలు బందరనే పిలిచేవారు. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు. బందర్ అంటే ఫారసీలో ఓడరేవు. తెలుగువాడు చేతబట్టే కలం అరబ్బీ మాట. రాసే కాగితం ఫారసీవారి కాగజ్. ఇవి పరాయి మాటలని ఇవాళ ఎవరికీ తోచదు. బందరు బట్టకు పేరు తెచ్చిన కలంకారీలో ఉన్నదీ ఆ కలమే, కారీ అంటే పని. నిజానికి బందరులో కలానికంటే చెక్క అచ్చుకే పని ఎక్కువ పడింది గాని, పేరు మాత్రం కలానిదే నిలిచిపోయింది.

మా ఇంట్లో ఒక పాత టేకు అచ్చు ఉండేది. ఎవరు తెచ్చారో, ఎప్పటిదో మాకు తెలియదు. దాదీమా దాన్ని అప్పడాల డబ్బా మూతమీద బరువుగా పెట్టేది. ఒక వేసవిలో మా చెల్లెలి కూతురు సెలవులకు వచ్చి, ఆ అచ్చును పసుపు నీళ్లలో ముంచి నోటు పుస్తకం కాగితం మీద ఒత్తింది. ఒక పువ్వు పడింది. అయిదు రేకులు, పక్కన వంకర తిరిగిన ఒక ఆకు. “మామూ, ఇది ఏం పువ్వు? ఎవరు చెక్కారు?” అని అడిగింది. రెండు ప్రశ్నలకూ మా దగ్గర జవాబు లేదు. “ఏదో పువ్వులే” అని ఊరుకున్నాము.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది. పాత పెళ్లి కార్డులు, పతంగుల కాగితం, మిఠాయి పొట్లాల మెరుపు కాగితం కత్తిరించి, ఆకులుగా పువ్వులుగా అతికించి పటాలు చేస్తుంది. చెక్క అచ్చులతో దుపట్టాలు, దుప్పట్లు అద్దుతుంది. ఎవరి దగ్గరా కొలువు చేయదు, ఎవరి ఆర్డరూ లేకుండానే తనకు తోచినది చేసి తానే అమ్ముకుంటుంది. ఆ మధ్య ఒక వలీమాలో పదిమంది పెద్దలు కూర్చున్నచోట ఈ ప్రసక్తి వచ్చింది. “చదువుకున్న పిల్ల, కాగితాలు కత్తిరించుకుంటూ కూర్చుంటే ఎట్లాగండీ? దీంతో ఇల్లు గడుస్తుందా?” అన్నారు. దాచడం దేనికి, ఆ మాట అన్నవాళ్లలో మేమూ ఉన్నాము. ఇంటికి వచ్చాక ఆ అచ్చు గుర్తుకొచ్చి మనసు కుదుటపడలేదు. ఆనాడు జవాబు చెప్పలేకపోయిన రెండు ప్రశ్నలనూ పట్టుకుని కొన్ని పుస్తకాలు తిరగేశాము. అందులో దొరికిన సంగతులు మన సభ్యుల ఇళ్లలో నలుగురికీ తెలిస్తే బాగుండునని ఈ వ్యాసం.

ముందుగా కాగితం సంగతి చూద్దాం. రకరకాల కాగితాలు కత్తిరించి అతికించి బొమ్మ కూర్చడాన్ని ఇప్పుడు కొలాజ్ అనే ఫ్రెంచి మాటతో పిలుస్తున్నారు. 1912లో పారిస్‌లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు దీన్ని మొదలుపెట్టినట్లు చిత్రకళ పుస్తకాల్లో ఉంటుంది. వారు చేసినది కొత్త తరహా పనే, కాదనము. కాని కత్తిరించి అతికించి ఒక అందమైన వస్తువు చేయడమనేది మన పాతవాళ్లకు కొత్త కాదు. దానికి మురఖ్ఖా అని పేరు. మురఖ్ఖా అంటే అతుకులు వేసినది. సూఫీ దర్వేషులు వేసుకునే అతుకుల అంగీకి కూడా ఇదే మాట వాడేవారు. పేద ఫకీరు ఒంటిమీది అతుకుల బట్ట పేరే పాదుషాల గ్రంథాలయంలోని అతి ఖరీదైన ఆల్బముకు పేరైంది, చూడండి! బట్టా కాగితమూ ఒకే మాటలో కలిసిన చోటు ఇది.

మురఖ్ఖా తయారుచేయడం ఒకరి పని కాదు. ముందు కాగితం మీద కాగితం అతికి గట్టి అట్ట చేయాలి. దాన్ని వస్లీ అంటారు, వస్ల్ అంటే కలయిక. పురుగు పట్టకుండా పిండి బంకలో మైలతుత్తం కలిపేవారు. తరువాత నున్నని రాయితో గాని గవ్వతో గాని అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఆపైన ఒక కాలంనాటి దస్తూరీ, మరొక దేశపు బొమ్మ, ఎక్కడిదో ఒక పూల చిత్రం తెచ్చి, అంచులు సరిచేసి, ఒకే పుటలో ఇమిడేలా కూర్చేవారు. చుట్టూ బంగారు నీళ్లతో హాషియా వేసేవారు. జహంగీర్ చేయించిన గుల్షన్ మురఖ్ఖాలో పెద్ద భాగం ఈనాడు టెహరాన్‌లోని గులిస్తాన్ భవన గ్రంథాలయంలో ఉంది. దారా షికోహ్ తన భార్య నాదిరా బానూకు కానుకగా ఇచ్చిన మురఖ్ఖా లండనులో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. 1630 దశకంలో కూర్చిన ఆ ఆల్బములో పూల చిత్రాలు, పక్షుల చిత్రాలు ఎన్నో ఉన్నాయి. మనుషుల బొమ్మలకు ఎంత విలువ ఇచ్చారో ఒక పూలకొమ్మకూ అంతే విలువ ఇచ్చి కూర్చారు.

ఇక కేవలం కత్తెరతో చేసే పని ఇంకొకటి ఉంది. హిరాత్ నగరంలో పుట్టి ఇరాన్, తుర్కీ దేశాలకు పాకింది. అరబ్బీలో ఖత్అ అంటే కోయడం. తుర్కులు దీన్ని కాతి అన్నారు. అక్షరాలను చెక్కుచెదరకుండా కాగితంలో నుంచి కోసి, మరో రంగు కాగితం మీద అతికేవారు. 17వ శతాబ్దం తొలినాళ్లలో బుర్సా నగరానికి చెందిన ఫఖ్రీ ఈ పనిలో ప్రసిద్ధుడు. కాగితంతో పూలతోటలే కోసి నిలబెట్టేవాడు. ఆ పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరం వస్తుంది.

మన దక్కనుకు వస్తే బీజాపూరులో 17వ శతాబ్దం మొదటి సగంలో అబ్రీ కాగితంతో విచిత్రమైన బొమ్మలు చేశారు. అబ్ర్ అంటే మేఘం. మెంతుల వంటివాటిని నానబెట్టి తీసిన జిగురు నీళ్లను తొట్టిలో పోసి, పైన రంగులు చిలకరించి, దువ్వెనతోనో పుల్లతోనో కదిపి, ఆ తేలే రంగులమీద కాగితాన్ని పరిచి ఎత్తితే మబ్బుల్లా, పాలరాతి చారల్లా అచ్చు దిగుతుంది. రెండోసారి అలాటిదే దించడం ఎవరి తరమూ కాదు. బీజాపూరువారు కొంతభాగం కప్పి, కొంతభాగం విడిచి, ఆ చారలతోనే ఒక బక్కచిక్కిన గుర్రాన్ని, దానిమీద ఒక రౌతును తెప్పించారు. ఆ బొమ్మ ఈనాడు న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎముకలు లెక్కపెట్టవచ్చు. చేసినవాడి పేరు మాత్రం దానిమీద లేదు. కాగితం తయారుచేసే పనివారు వేరే ఉండేవారు. దౌలతాబాదు దగ్గరి కాగజీపురా అనే ఊరి పేరే ఆ పనికి సాక్ష్యం. 1956 దాకా ఆ ప్రాంతం మన హైదరాబాదు రాష్ట్రంలోనిదే.

పువ్వును పువ్వుగా చూసి గీయడం అనే అలవాటు ఎప్పుడు బలపడింది అంటే, 1620లో జహంగీరు కాశ్మీరు వెళ్లినప్పటి సంగతి చెప్పుకోవాలి. వసంతంలో అక్కడి పూలను చూసి మైమరచి, ఉస్తాద్ మన్సూర్ చేత నూరుకు పైగా పూల చిత్రాలు వేయించినట్లు పాదుషాయే తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. వాటిలో నేటికి మిగిలినవి బహు కొద్ది. ఆ తరువాత షాజహాను కాలంలో ఆ పువ్వే రాతిమీదికి ఎక్కింది, తివాచీలోకి దిగింది, బట్టమీదికి వచ్చింది. మన్సూర్‌కు నాదిరుల్ అస్ర్, అనగా తన కాలంలో సాటిలేనివాడు అని బిరుదు ఇచ్చారు. బిరుదు మన్సూర్‌దే, పువ్వు మాత్రం పాదుషాది. ఏ పువ్వు గీయాలో పాదుషా చెబితే గీశాడు. తనకు నచ్చిన పువ్వు ఒకటి సొంతానికి గీసుకున్నాడో లేదో మనకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు బందరు రేవుకు వద్దాము.

గోలకొండ కుతుబ్‌షాహీలు 1518 మొదలు 1687 దాకా ఏలారు. వారి రాజ్యానికి సముద్రం మీద ముఖద్వారం బందరు. ఇరాన్ నుంచి గుర్రాలు, పండితులు, వర్తకులు ఈ రేవులో దిగేవారు. ఇక్కడి నుంచి వెళ్లే సరుకులో అద్దకం బట్ట ముఖ్యమైనది. పలంగ్‌పోష్‌లు, రుమాళ్లు, జానమాజులు, గుడారాల తెరలు. 1663లో ఢిల్లీ నుంచి రాసిన ఒక ఉత్తరంలో ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే, ఔరంగజేబు దర్బారు గుడారాల లోపలివైపు బందరు చీటీ బట్ట కట్టారని, దానిమీద పూలు ఎంత సహజంగా ఉన్నాయంటే చుట్టూ నిజమైన పూలమడులు ఉన్నట్లు తోచిందని వర్ణించాడు. 17వ శతాబ్దపు గోలకొండ రుమాళ్లు, పరుపులు కొన్ని జైపూరు రాజుల అంబర్ కోట తోషఖానాలో దాచబడి, ఆ ముద్రలతో సహా ఈనాడు లండను మ్యూజియంలో ఉన్నాయి. మూడు వందల యాభై ఏళ్లు దాటినా ఎరుపు ఎరుపుగానే ఉంది. మా బీరువాలోని మిల్లు బట్ట మూడు చాకిరేవులకు వెలిసిపోతుంది!

ఆ ఎరుపు ఎట్లా వచ్చిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ పనిని గురించి తేలిగ్గా మాట్లాడేవారికి అందులో ఉన్న ఓపిక సంగతి తెలియదు. ముడి నూలుబట్టను పేడనీళ్లలో నానవేసి, కాలువలో జాడించి, గట్టున ఎండబెట్టి, తడుపుతూ ఎండబెడుతూ తెల్లగా చేస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితే బట్ట లేత పసుపు అవుతుంది. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి అనే ద్రవం తయారవుతుంది. అచ్చును కసిమిలో అద్ది ఆ కరక్కాయ బట్టమీద ఒత్తగానే నల్లని గీత పడుతుంది. ఇనుమూ కరక్కాయా కలిసిన చోట నలుపు. ఎరుపు కావలసిన చోట వేరే అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు. అది అప్పటికి కనీ కనబడకుండా ఉంటుంది.

ఆ తరువాత బట్టను పారే నీళ్లలో పరచి జాడించాలి. నిలవ నీళ్లు పనికిరావు. అంటుకోక మిగిలిన పటిక తేలిపోకుండా పక్కకు పాకితే పువ్వు అంచు చెడుతుంది. ఈ కారణంచేతనే అద్దకంవారు కాలువ గట్లు వెతుక్కుని స్థిరపడ్డారు. పిమ్మట రాగి కాగులో నీళ్లు కాచి, చిరివేరు పొడి, జాజి ఆకు వేసి, బట్టను అందులో ఉడికిస్తారు. పటిక అద్దిన చోటల్లా ఎరుపు పైకి లేస్తుంది. అద్దనిచోట లేచిన మరక మళ్లీ పేడనీళ్లకూ ఎండకూ పోతుంది. నీలం కావాలంటే మిగతా బట్టంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. పసుపు రంగు చివర. పసుపు నీలం మీద పడితే ఆకుపచ్చ. పాత బట్టల్లో ఆకులు నీలంగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర లేదు, పసుపు వెలిసి నీలం మిగిలిందన్నమాట.

చిరివేరు అంటే మన తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. వేరు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తవ్వి తీయడమే ఒక వృత్తి. నిజాంపట్నం ప్రాంతపు వేరుకు మంచి పేరు ఉండేది. సముద్రపు గుల్ల కలిసిన నేలలో పెరిగితే రంగు బాగా వస్తుందని నమ్మకం. అనగా రైతు, వేరు తవ్వేవాడు, నేతగాడు, చాకలి, అచ్చు చెక్కేవాడు, అద్దేవాడు, ఉడికించేవాడు, ఇంతమంది చేతులమీదుగా ఒక పువ్వు పూసేది. అందులో హిందువులున్నారు, ముస్లిములున్నారు. పువ్వుకు ఆ తేడా తెలియదు గదా.

ఇంతమందిలో ఒక్కరి పేరైనా ఆ బట్టమీద ఉందా? లేదు. అంబర్ కోట ముద్ర ఉంది. కంపెనీ ముద్ర ఉంది. అద్దినవాడి పేరు లేదు. బుర్సా ఫఖ్రీకి పేరుంది, మన్సూర్‌కు బిరుదుంది, బందరు అద్దకంవాడికి ఏదీ లేదు. ఎందుచేత? చదువు రాదు గనుక అని కొందరంటారు. మాకు అది సరైన కారణమనిపించదు. బట్ట వాడిది కాదు, అదీ అసలు సంగతి.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరుకు వచ్చారు. అప్పటికే ఇక్కడ వ్యాపారం దాదనీ మీద నడిచేది. దాదనీ అంటే ముందస్తు సొమ్ము. పెద్ద వర్తకుడు మధ్యవర్తికి ఇస్తే, ఆయన నేతగాడికీ అద్దకంవాడికీ ఇస్తాడు. ఆ సొమ్ముతో నూలు, వేరు, పటిక కొనుక్కుంటారు, ఇంట్లో గింజలూ కొనుక్కుంటారు. సరుకు అప్పగించాక లెక్క చూస్తే ఎప్పుడూ ఎంతో కొంత బాకీ మిగిలే ఉంటుంది. బాకీ ఉన్నవాడు ఇంకొకరికి పని చేయడానికి లేదు. నమూనా కూడా ఆ ఇచ్చినవాడిదే. ఇరాన్‌కు పోయే బట్టకు సరు చెట్టు, మిహ్రాబు వంపు కావాలి. ఐరోపాకు వేరే. 1643లో ఇంగ్లీషు కంపెనీ లండను నుంచి సూరత్తుకు రాస్తూ, ముదురు ఎరుపు నేలమీద పూలు ఇక్కడ అంతగా నచ్చడం లేదు, తెల్ల నేలమీద రంగుల పూలు వేయించండి అని కోరింది. ఆ తరువాత నమూనాలే ఓడల్లో రాసాగాయి. చైనా పువ్వు, ఇంగ్లండు కొమ్మ, ఇరాన్ ఆకు ఒకే చెట్టుకు పూయడం మొదలైంది. ఆ చెట్టు భూమిమీద ఎక్కడా లేదు. అయినా ఎంత అందంగా ఉంటుందో!

మా అచ్చుమీది పువ్వు ఏమిటో ఇప్పుడు మాకు కొంత అర్థమైంది. చెక్కినవాడు దాన్ని ఏ చెట్టున చూసీ చెక్కలేదు. ఎవరో అడిగితే చెక్కాడు.

ఆ పువ్వు ఐరోపాను ఎంత ఊపిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టను నిషేధించి 1759 దాకా ఆ నిషేధం నడిపింది. ఇంగ్లండు 1701 నుంచి తమ దేశంలో వాడకానికి దిగుమతి ఆపింది. 1721 చట్టంతో ఒంటిమీద ధరించడం, ఇంట్లో పరచుకోవడం కూడా నేరమైంది. 1774లో గాని అది సడలలేదు. ఈ లోపల మన పని గుట్టు తెలుసుకునే ప్రయత్నాలు సాగాయి. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ ఇక్కడి అద్దకంవారిని అడిగి అడిగి, కరక్కాయ మొదలు చిరివేరు దాకా పని వరస అంతా ఉత్తరంగా రాసి పంపాడు. ఆ పాద్రీ తెలుగు బాగా నేర్చినవాడు, నిఘంటువు కూడా కూర్చాడు. 1752లో ఐర్లండులో రాగి రేకుతోను, 1783లో బ్రిటన్‌లో తిరిగే రూళ్ల యంత్రంతోను అద్దకం వచ్చింది. 1869 నాటికి జర్మనీలో బొగ్గు తారు నుంచి ఎర్ర రంగు తీశారు. చిరివేరు తవ్వేవాడి పలుగుకు పని పోయింది.

బందరుకు దైవికమైన దెబ్బ కూడా తగిలింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది పోయారు. ఆ రాత్రి ఎన్ని అచ్చులు కొట్టుకుపోయాయో, ఎంతమంది చేతుల్లోని పని వారితోపాటు పోయిందో ఎవరు లెక్కపెట్టారు? అయినా 20వ శతాబ్దం మొదట్లో కూడా ఇరాన్‌కు బందరు అద్దకం ఎగుమతి అవుతూనే ఉండేది. తరువాత అదీ సన్నగిల్లింది.

ఇక సొంతానికి పనిచేసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతికితే, అద్దకం బట్ట తొడిగితే నేరమన్న ఆ ఇంగ్లండులోనే ఒక పెద్దావిడ కనిపించింది. మేరీ డెలానీ 1700లో పుట్టింది. రెండుసార్లు వైధవ్యం. 1772లో, 72 ఏళ్ల వయసులో, ఒకనాడు జిరేనియం పువ్వు రంగుకు సరిపోయే ఎర్ర కాగితం ముక్క కంటబడి, కత్తెర తీసుకుని రేకులు కత్తిరించి నల్లటి కాగితం మీద అతికింది. స్నేహితురాలు వచ్చి నిజమైన పువ్వు రేకులనుకున్నదట. అక్కడి నుంచి పదేళ్లు, చూపు మందగించేదాకా, 985 పూలు చేసింది. ఒక్కొక్క పువ్వులో కాగితం పీలికలు వందల్లో ఉంటాయి. కేసరాలు వెంట్రుక సన్నం. పువ్వును ఎదుట పెట్టుకుని రేకులు లెక్కపెట్టి మరీ చేసింది. కొన్నిటిలో నిజం ఆకునే అతికింది. వెనుక మొక్క పేరు, తేదీ, ఊరు రాసింది. ముందు, మూలన, కాగితంలోనే కత్తిరించిన తన పొడి అక్షరాలు. ఈనాడు అవన్నీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆమె ఎవరి ఆజ్ఞకూ ఆ పని చేయలేదు. అమ్మనూ లేదు. కాని ఒక మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆమెకు గింజల చింత లేదు. డచెస్ ఇంట్లో ఆతిథ్యం, రాజుగారి తోట నుంచి మొక్కలు, చివరికి 1785లో రాజు ఇచ్చిన ఇల్లు, ఏటా 300 పౌన్ల భత్యం. బందరు కాలువ గట్టున ఆ వయసుకు మనిషి బతికి ఉంటే మనవడి దాదనీ బాకీ తీరుస్తూ ఉండేది. పువ్వును ప్రేమించడానికి తీరిక కావాలి, తీరికకు ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకోవాలి. పాదుషా పెట్టాడు, కంపెనీ పెట్టింది, రాజుగారు పెట్టారు. పెట్టినవాడు పువ్వు తనదన్నాడు. డెలానీ విషయంలో మాత్రం పెట్టినవారు అడగలేదు, అదొక్కటే తేడా.

ఇంగ్లండులోనే విలియం మారిస్ యంత్రపు అద్దకం మీద విసుగెత్తి, నీలిమందుతో చెక్క అచ్చు అద్దకాన్ని తిరిగి నిలబెట్టాడు. 1883లో తన పెరట్లో స్ట్రాబెర్రీ పళ్లు దొంగిలించే పిట్టలను చూసి వేసిన నమూనా ఇప్పటికీ అమ్ముడవుతోంది. పేరు మారిస్‌దే గాని, అచ్చు చెక్కినవారి పేరు అక్కడా జనం నోట లేదు.

మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో కలంకారీకి మళ్లీ ఊపిరి వచ్చింది. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఆమె సారథ్యం వహించారు. బందరు పక్కన పెడనలో అచ్చులు చెక్కేవారు, అద్దేవారు, కాలువలో జాడించేవారు ఈనాటికీ ఉన్నారు. చిరివేరు చాలావరకు పోయి ఆ చోట కొన్న ఎర్ర రంగు వచ్చింది. కరక్కాయ, కసిమి, పటిక మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పటి బెడద వేరు. పెడన పువ్వునే ఫోటో తీసి, స్క్రీను మీద వేసి, మిల్లులో వేల గజాలు అచ్చువేసి, కలంకారీ అని చవగ్గా అమ్ముతున్నారు. అద్దిన బట్టకూ దానికీ తేడా చూడాలంటే తిరగేసి చూడండి. చేత అద్దినదానిలో రంగు వెనక్కు ఇంకి ఉంటుంది. రెండు అచ్చులు కలిసేచోట గీత వెంట్రుకంత తప్పి ఉంటుంది. మన ఆడవారు పెళ్లిబట్టలు కొనేటప్పుడు ఆ తప్పును చూసి, డ్యామేజీ ఉందని బేరమాడటం మేము కళ్లారా చూశాము.

మా మేనకోడలి లెక్క ఆ మధ్య అడిగి తెలుసుకున్నాము. బట్ట తానే కొంటుంది. ఎవరి దగ్గరా బయానా తీసుకోదు. ఒక పెద్ద దుకాణంవారు నూరు దుపట్టాలకు అడ్వాన్సు ఇస్తాము, పేరు మాది వేసుకుంటాము అంటే వద్దన్నది. ఆ నెల చేతిలో డబ్బుల్లేక ఇంట్లో మాట పడింది. మేమైతే ఒప్పుకునేవాళ్లమేమో. పాత దాదనీ కథ చదివిన తరువాత ఆ పిల్ల ఎందుకు వద్దన్నదో తెలిసింది గాని, ఇంటి ఖర్చు సంగతి ఇప్పటికీ మాకు బెంగే.

మొన్న దానితోపాటు పెడన వెళ్లాము. కొత్త అచ్చు చెక్కించాలని ఒక కాగితం పట్టుకొచ్చింది. పతంగుల కాగితం ఊదారంగు ముక్కలు అతికి చేసిన పువ్వు. చెక్కే పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చూసి నవ్వేశారు.

“ఇది గుర్రపుడెక్క గదమ్మా! కాలువ నిండా ఇదే. బట్టలు జాడించుకోనివ్వక చంపుతోంది. దీన్ని ఎవరు కొంటారు?”

“తెలియదు బాబాయ్. పొద్దున్నే కాలువ నిండా పూసి ఉంటే ఎంత బాగుంటుందో మీరు చూడలేదా?”

“చూడకేం” అన్నారాయన కాసేపాగి. తరువాత కాగితాన్ని టేకు చెక్కమీద పరచి, రేకు మీది చారను ఎక్కడ లోతుగా తీయాలో గోటితో గీసి చూపించారు. ఆ ఒక్క రేకు మీద వాళ్లిద్దరూ అరగంట వాదులాడుకున్నారు. మేము బయట అరుగుమీద కూర్చున్నాము. ఎదుట కాలువలో అదే పువ్వు.

పదిహేను రోజులకు అచ్చు వచ్చింది. వెనక పిడి పక్కన పెన్సిలుతో చెక్కినవారి పేరు, ఊరు, తేదీ రాసి ఉన్నాయి. ఈ పిల్లే రాయించిందట. పెన్సిలు చెరిగిపోతుంది, ఉలితో చెక్కమంటావా అని ఆయన అడిగితే చెక్కమన్నది. చెక్కారు. దానికి కూలీ వేరే తీసుకున్నారు.